మధ్యాహ్నం కరెంటు, సాయంత్రం కరెంటు: సౌర విద్యుత్ చవకైనా బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

ఎండాకాలం బిల్లు వచ్చినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతుంది. "సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర రూపాయలే అని పేపర్లో రాస్తున్నారు. మరి మన బిల్లేంటి ఇలా ఉంది? పైగా ట్రూఅప్ అని, ఇంధన సర్దుబాటు అని ఈ లైన్లన్నీ ఎందుకు?" అడిగింది మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. "గ్రూపులో రాజకీయాలు వద్దండీ" అని ఎవరో ఆయన్ని ఆపేశారు. నాకు బాధనిపించింది. అది రాజకీయం కంటే ముందు లెక్కల ప్రశ్న. ఆ లెక్క మొదటి నుంచి వేసుకుంటూ వెళ్తే, దేశంలో పునరుత్పాదక విద్యుత్ విధానం ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ చిక్కుకుందో రెండూ కనిపిస్తాయి.

సామర్థ్యంలో సగం, కరెంటులో నాలుగో వంతు

2025 జులైలో కేంద్రం ఒక ప్రకటన చేసింది. దేశం మొత్తం విద్యుదుత్పత్తి సామర్థ్యం సుమారు 485 గిగావాట్లు. అందులో సగం, అంటే 243 గిగావాట్ల దాకా, బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పని లేనివి. సౌర, పవన, జల, అణు విద్యుత్ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. పారిస్ ఒప్పందం కింద 2030కి చేరతామని మాటిచ్చిన మెట్టును ఐదేళ్లు ముందే ఎక్కేశాం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని ప్రకటించిన లక్ష్యం, అంటే ఇలా బొగ్గు, గ్యాస్‌తో పని లేనివే 500 గిగావాట్లు, మాత్రం ఇంకా ముందుంది. ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు.

ఇది నిజంగా గర్వపడాల్సిన విషయమే. అయితే "సామర్థ్యం" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బోరుకు ఐదు హెచ్‌పీ మోటారు ఉందని చెబితే మడికి ఎన్ని నీళ్లు పారాయో తెలియదు. ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలియాలి. మెగావాట్ హెచ్‌పీ లాంటిది, యూనిట్ పారిన నీళ్ల లాంటిది.

ఏడాదికి 8,760 గంటలు. ఒక మెగావాట్ ప్లాంటు క్షణం ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు రావాలి. సూర్యుడు రాత్రి ఉండడు, పొద్దున సాయంత్రం వాలుగా పడతాడు, వానాకాలం మబ్బులు. ఇవన్నీ పోగా సౌర ప్లాంటు ఆ మొత్తంలో 20 శాతం ఇస్తుందనుకుంటే ఏడాదికి 17.5 లక్షల యూనిట్లు. బొగ్గు ప్లాంటు 70 శాతం నడిస్తే 61 లక్షలు. కాగితం మీద రెండూ ఒక మెగావాటే, చేతికొచ్చే కరెంటులో మూడున్నర రెట్ల తేడా. అందుకే సామర్థ్యంలో బొగ్గు వాటా సగం లోపుకు దిగినా, ఏడాది పొడవునా మనం వాడే కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు ఇంకా బొగ్గు నుంచే వస్తోంది.

17 రూపాయల నుంచి 2 రూపాయలకు

జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైంది. అప్పట్లో సౌర విద్యుత్‌కు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. ఇంత పెట్టి ఎవరు కొంటారని అందరూ పెదవి విరిచారు. ఆ తర్వాత వేలంపాట పద్ధతి వచ్చింది. ఎవరు తక్కువకు ఇస్తామంటే వాళ్లకే ప్రాజెక్టు. ప్యానెళ్ల ధరలు కూడా ప్రపంచమంతటా కూలిపోతూ వచ్చాయి.

2015 నవంబర్‌లో మన కర్నూలు సోలార్ పార్కు కోసం జరిగిన వేలంలో 4 రూపాయల 63 పైసల ధర పలికితే దేశమంతా ఆశ్చర్యపోయింది. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరుచుకున్న వెయ్యి మెగావాట్ల పార్కు అది. ఒక మెగావాట్‌కు సుమారు ఆరెకరాలు పట్టిందన్నమాట. సౌర విద్యుత్‌కు బొగ్గు ఖర్చు లేకపోయినా భూమి ఖర్చు ఉంది, ఆ భూమి మీద బతికిన వాళ్లూ ఉన్నారు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబర్‌లో గుజరాత్‌లో 1 రూపాయి 99 పైసలు. ఆ తర్వాత, ప్యానెళ్లు ఇక్కడే తయారు కావాలన్న ఉద్దేశంతో 2022 ఏప్రిల్ నుంచి దిగుమతులపై 40 శాతం సుంకం పెట్టారు. ఇక ధర రెండున్నర రూపాయల చుట్టుపక్కల నిలబడింది.

మాస్టారు పేపర్లో చదివింది ఈ ధరే. అబద్ధం కాదు. కాకపోతే అది ప్లాంటు గేటు దగ్గరి ధర, అందులోనూ ఎండ ఉన్నప్పటి ధర. రాజస్థాన్ నుంచి ఇక్కడికి తేవడానికి లైన్లు కావాలి. 2025 జూన్ నెలాఖరులోపు మొదలైన సౌర, పవన ప్రాజెక్టుల కరెంటుకు అంతర్రాష్ట్ర లైన్ల చార్జీలు మాఫీ చేశారు. అంటే ఖర్చు మాయమైపోలేదు, ఆ లైన్లు వాడుకునే మిగతా అందరి మీదా సర్దుబాటైంది.

మదనపల్లె టమాటా లాంటి సరుకు

మదనపల్లె మార్కెట్‌కు అందరి పంటా ఒకేసారి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. కిలో రెండు రూపాయలు పలకక రోడ్డు మీద పారబోసిన రోజులున్నాయి, వంద దాటిన రోజులూ ఉన్నాయి. పండు అదే, వచ్చిన సమయం వేరు. కరెంటు ఇంకా సున్నితమైన సరుకు. టమాటా రెండు రోజులైనా ఆగుతుంది. కరెంటును పుట్టిన క్షణమే ఎవరో ఒకరు వాడుకోవాలి.

దేశంలోని సౌర ప్లాంట్లన్నీ దాదాపు ఒకే గంటల్లో కాపుకొస్తాయి. పవర్ ఎక్స్‌ఛేంజ్ అంటే డిస్కంలు (మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు), ఉత్పత్తిదారులు రోజువారీగా కరెంటు కొనుక్కునే, అమ్ముకునే మార్కెట్. అక్కడ ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో యూనిట్ రెండు రూపాయల లోపు పలుకుతున్న రోజులు ఎక్కువవుతున్నాయి. అదే రోజు సాయంత్రం ఆరున్నర, ఏడు దాటాక ధర గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయలను తాకిన సందర్భాలున్నాయి. ఉదయం లేచేసరికి ఉన్న దేశమే, గ్రిడ్డూ అదే. ఏడింటికి మాత్రం ఇళ్లల్లో ఏసీలు, లైట్లు, టీవీలు, మిక్సీలు అన్నీ ఒకేసారి మొదలవుతాయి, సూర్యుడు ఉండడు.

ఒక ఊహా రాష్ట్రంతో లెక్క వేద్దాం. మధ్యాహ్నం దానికి 10,000 మెగావాట్లు కావాలి, సాయంత్రం 11,000. సోలార్ మధ్యాహ్నం 6,000 ఇస్తుంది, సాయంత్రం సున్నా. కాబట్టి సాయంత్రానికి బొగ్గు ప్లాంట్లు 9,000, జల, పవన విద్యుత్ 2,000 సిద్ధంగా ఉండాలి. బొగ్గు బాయిలర్‌ను స్విచ్చు ఆపినట్టు ఆపేసి మళ్లీ వెలిగించలేరు, చల్లబడితే వేడెక్కడానికి గంటలు పడుతుంది. సాధారణంగా 55 శాతం కంటే కిందికి దించరు. అంటే మధ్యాహ్నం కూడా 4,950 మెగావాట్లు నడుస్తూనే ఉండాలి. సోలార్ 6,000 కలిపితే 10,950. రాష్ట్రానికి కావాల్సింది 10,000. ఆ 950 మెగావాట్లను ఎంతొస్తే అంతకు అమ్ముకోవాలి, లేదంటే సౌర ప్లాంటును తగ్గించమని చెప్పాలి. గ్రిడ్‌ను నడిపించే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో దీన్ని బ్యాక్‌డౌన్ అంటారు. 2025లో రాజస్థాన్‌లో లైన్లు పూర్తికాక కూడా వేల మెగావాట్లు ఇలా ఆపాల్సి వచ్చింది. మరి సాయంత్రం? సిద్ధంగా ఉండాల్సిన వాటిలో ఒక్క ప్లాంటు మొరాయించినా, అదే రాష్ట్రం కొరతతో మార్కెట్‌కు వెళ్లి ఎక్కువ ధరకు కొనుక్కుంటుంది. ఆ ధరే కొన్నాళ్లకు మన బిల్లులో ట్రూఅప్ లాంటి సర్దుబాటు చార్జీగా తేలుతుంది.

నడిచినా నడవకపోయినా కట్టాల్సిన సొమ్ము

బిల్లు తగ్గకపోవడానికి ఇంకో కారణం బొగ్గు ప్లాంటుతో డిస్కం చేసుకునే ఒప్పందంలో ఉంది. దాన్ని పీపీఏ అంటారు. సాధారణంగా పాతికేళ్ల పాటు ఉంటుంది. అందులో ధర రెండు ముక్కలు. ప్లాంటు కట్టిన అప్పు, వడ్డీ, నిర్వహణ లాంటివన్నీ స్థిర చార్జీ. కాల్చిన బొగ్గు ఖర్చు చర చార్జీ. ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర చార్జీ కట్టాల్సిందే.

వెయ్యి మెగావాట్ల ప్లాంటుకు ఏడాది స్థిర చార్జీ 1,500 కోట్లు అనుకుందాం. 85 శాతం నడిస్తే 745 కోట్ల యూనిట్లు, యూనిట్‌కు రెండు రూపాయలు పడుతుంది. చవక సోలార్ వచ్చిందని దాని నుంచి సగమే తీసుకుంటే, యూనిట్‌కు నాలుగు రూపాయలు. బొగ్గు ఖర్చు దీనికి అదనం. సోలార్ ఒక చేత్తో ఆదా చేసింది, ఇంకో చేత్తో కొంత వెళ్లిపోయింది.

అలాగని బొగ్గు ప్లాంట్లు కట్టడం పిచ్చి పని అనేయడం అన్యాయం. కట్టాలనే వాళ్ల వాదనకు బలం ఉంది. 2023-24లో సగటు భారతీయుడు వాడిన కరెంటు ఏడాదికి 1,400 యూనిట్ల లోపే. ప్రపంచ సగటు దానికి రెట్టింపుకు పైనే. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది, ఏసీ కొనని ఇళ్లు ఇంకా కోట్లల్లో ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రికి కరెంటు ఇవ్వలేని విధానం ఎంత పచ్చగా ఉంటే ఏం లాభం అని వాళ్లడుగుతారు. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. అవతలి వాళ్ల మాట: ఈ రోజు పునాది వేసే ప్లాంటు 2050 దాకా స్థిర చార్జీ అడుగుతుంది, ఈలోగా నిల్వ ఖర్చు సగానికి పడిపోతే ఆ భారం ఎవరిది? నాకు ఈ రెండో ప్రశ్నే ఎక్కువ బరువుగా అనిపిస్తుంది, ఎందుకో నిల్వ దగ్గర చెబుతాను.

ఒప్పందం పాతబడితే: 2019 ఆంధ్రప్రదేశ్

ధర ఏటా పడిపోయే సరుకుకు పాతికేళ్ల ఒప్పందం చేసుకుంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2015 ప్రాంతంలో పవన విద్యుత్‌కు యూనిట్ 4.84 రూపాయల దాకా ఇచ్చేలా ఒప్పందాలు కుదిరాయి. నాలుగేళ్లు తిరిగేసరికి వేలాల్లో ధర దానికి సగం. 2019లో వచ్చిన కొత్త ప్రభుత్వం సౌర, పవన ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేసింది. అప్పుల్లో ఉన్న డిస్కంలు ఇంత ధర ఎలా భరిస్తాయన్నది దాని వాదన. మేం ప్లాంటు కట్టిననాడు యంత్రాల ధరలు అలాగే ఉన్నాయి, బ్యాంకు అప్పు ఆ ధర చూసే ఇచ్చింది, ఇప్పుడు మారిస్తే రేపు ఈ రాష్ట్రాన్ని ఎవరు నమ్ముతారన్నది కంపెనీల వాదన. కేసు తేలేదాకా పవన విద్యుత్‌కు 2.43, సౌర విద్యుత్‌కు 2.44 రూపాయల చొప్పున కట్టారు. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలోని ధరే చెల్లించాలని తీర్పు చెప్పింది.

ఆ గొడవ నుంచి డిస్కంలు నేర్చుకున్నది ఒకటుంది: తొందరపడి సంతకం పెట్టొద్దు, రేపు ఇంకా చవకగా రావచ్చు. 2025 నాటికి దేశంలో వేలం ముగిసి కూడా కొనేవాళ్లు సంతకం పెట్టని ప్రాజెక్టులు 40 గిగావాట్లు దాటాయి. అందులో చాలావరకు ఎండ ఉన్నప్పుడే కరెంటిచ్చేవి. కొనుగోలుదారుకు అవసరం సాయంత్రం.

రాత్రి బావి దగ్గర స్టార్టర్

వాడకాన్నే మధ్యాహ్నానికి జరపగలిగితే? తెలుగు రాష్ట్రాల్లో దీనికి అన్నిటికంటే పెద్ద అవకాశం వ్యవసాయ బోర్లు.

మా బాబాయి రాత్రి కరెంటు రోజుల గురించి ఇప్పటికీ చెబుతాడు. రెండింటికి కరెంటు వస్తుందంటే ఒంటిగంటన్నరకు లేవాలి. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కర్ర, గట్టు మీద నేలకు తాటిస్తూ నడక. స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపల బల్లో, జెర్రో. తడి కాళ్లతోనే పచ్చ మీట నొక్కాలి. అలా నొక్కబోయి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆటో స్టార్టర్ పెట్టుకుంటే నడక తప్పేది, కానీ కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది.

ఆంధ్రప్రదేశ్ పగటిపూట 9 గంటల ఉచిత సరఫరా విధానానికి మారింది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ప్రకటించింది. ఏది మేలన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్లు పెట్టుకోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒత్తిడి తగ్గుతుందని ఒక వైపు. మోటారు ఆపేవాళ్లుండరు, భూగర్భ జలం అడుగంటుతుందని ఇంకో వైపు. గ్రిడ్ కోణం నుంచి చూస్తే మాత్రం పగలు ఇవ్వడంలో లాభం స్పష్టం. మిగిలిపోయే మధ్యాహ్నం కరెంటుకు కొనేవాడు దొరికినట్టే, రైతుకు నిద్ర దొరికినట్టే.

ఆ కరెంటు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాతి ప్రశ్న. 2021 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఈ అవసరం కోసమే కేంద్ర సంస్థ సెకీతో 7,000 మెగావాట్లకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున ఒప్పందం చేసుకుంది. కరెంటు రావాల్సింది రాజస్థాన్ నుంచి. ఆ ఒప్పందం చుట్టూ తర్వాత వచ్చిన ఆరోపణలు, కేసులు వేరే చర్చ. మహారాష్ట్ర ఇంకో దారి పట్టింది. ఊరి సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సౌర ప్లాంట్లు పెట్టి, వ్యవసాయ ఫీడర్‌కు నేరుగా కలపడం. లక్ష్యం 16,000 మెగావాట్లు, ధర మూడు రూపాయల చుట్టూ. గేటు దగ్గర అర్ధరూపాయి ఎక్కువే, కానీ దారిలో పోయే కరెంటు తక్కువ, పెద్ద లైన్ల అవసరం తక్కువ. గేటు ధర ఒక్కటే చూసి ఈ రెండింటినీ పోల్చకూడదు.

శ్రీశైలం నుంచి బ్యాటరీ దాకా

మధ్యాహ్నం కరెంటును సాయంత్రానికి దాచడం మనకు కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, నాగార్జునసాగర్‌లో సుమారు వంద మెగావాట్లవి ఏడు, రెండు వైపులా తిరిగేవే ఉన్నాయి. నీళ్లు కిందికి వదిలి కరెంటు తీయొచ్చు, కరెంటు మిగిలితే కిందినీళ్లను తిరిగి పైకి తోడొచ్చు. ఇబ్బందల్లా ఆ నీళ్లకు సాగు, తాగు అవసరాలు కూడా ఉండటం. 2021లో శ్రీశైలంలో కరెంటు తీయడం మీదే రెండు రాష్ట్రాల మధ్య వివాదం రేగింది. అందుకే ఇప్పుడు నదికి దూరంగా, కట్టినప్పుడు ఒకసారి నింపి అవే నీళ్లను రెండు జలాశయాల మధ్య తిప్పే పద్ధతి వచ్చింది. నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఆ తరహాదే. పైకి తోడటానికి నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే తిరిగి వచ్చేది సుమారు మూడు.

బ్యాటరీల కథ వేగంగా మారుతోంది. 2022లో సెకీ టెండర్‌లో రెండు గంటల బ్యాటరీకి పలికిన అద్దె మెగావాట్‌కు నెలకు 10.83 లక్షలు. 2025 మొదట్లో రాజస్థాన్‌లో, ప్రభుత్వ సాయం కలుపుకుని, అది సుమారు 2.2 లక్షలకు దిగింది. ఆ బ్యాటరీని రోజుకోసారి నింపి వాడితే నెలకు 60 వేల యూనిట్లు. పాత అద్దె ప్రకారం దాచే ఖర్చే యూనిట్‌కు 18 రూపాయలు. కొత్త అద్దె ప్రకారం 3 రూపాయల 67 పైసలు. రెండున్నర రూపాయల సోలార్‌లో 15 శాతం నష్టం కలుపుకుంటే 2.94. మొత్తం 6.60 చిల్లర. రోజుకు రెండుసార్లు నింపగలిగితే 4.80 లోపే. పది రూపాయల సాయంత్రం ధర పక్కన పెట్టి చూస్తే మూడేళ్లలో ఎంత మారిందో తెలుస్తుంది. 2024 డిసెంబర్‌లో సెకీ వేలంలో 2,000 మెగావాట్ల సోలార్‌కు, 1,000 మెగావాట్లను నాలుగు గంటలు ఇచ్చే నిల్వను జోడిస్తే వచ్చిన ధర యూనిట్‌కు 3.52 రూపాయలు. పాతికేళ్ల బొగ్గు ఒప్పందం మీద ఇప్పుడు సంతకం పెట్టడానికి నేను జంకేది ఇందుకే.

మేడ మీది ప్యానెల్, గంట తెలియని మీటర్

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మేడలపై ప్యానెళ్లు పెట్టించాలని చూస్తోంది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. ఆ ఇంట్లో నెలకు 360 యూనిట్లు తయారై, 360 యూనిట్లే వాడారనుకుందాం. పగలు ఇంట్లో వాళ్లు వాడింది 120. మిగిలిన 240 గ్రిడ్‌కు వెళ్లాయి, రాత్రి 240 గ్రిడ్ నుంచి తిరిగొచ్చాయి. బిల్లులో ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ రెండూ కొట్టేసుకుని వాడకం చార్జీ సున్నా. ఇంటివాళ్లు సొంత డబ్బు పెట్టారు, లైన్ల నష్టం తగ్గించారు, వాళ్లకు దక్కాల్సిందే దక్కిందని ఒక మాట. డిస్కం మాత్రం మధ్యాహ్నపు చవక యూనిట్ తీసుకుని రాత్రి ఖరీదైన యూనిట్ ఇచ్చింది, ఆ తేడా మేడ లేని అద్దె ఇళ్లవాళ్ల మీద పడుతుందని ఇంకో మాట. రెండూ నిజమే.

దీనికి విరుగుడుగా 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఎండ ఉన్న గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఎక్కువ. ముందు పరిశ్రమలు, వాణిజ్య కనెక్షన్లకు, 2025 ఏప్రిల్ నుంచి వ్యవసాయం తప్ప మిగతా అందరికీ అన్నారు. అమలు రాష్ట్రాల నియంత్రణ మండళ్ల చేతిలో ఉంది, గంటల లెక్క రాసే స్మార్ట్ మీటర్ కావాలి. ఆ మీటరంటే జనంలో భయం ఉంది. సాయంత్రం వంట చేసుకోక తప్పని ఇంటికి ఇది శిక్ష అవుతుందేమో అన్న ఆందోళనను కొట్టిపారేయలేం.

ఇదంతా చెప్పాక మాస్టారు కాసేపు ఆలోచించి అడిగారు. "మన వాచ్‌మన్ సంప్ మోటారు రోజూ సాయంత్రం ఏడింటికి వేస్తాడు. ట్యాంకు మధ్యాహ్నం పన్నెండుకే నింపేయమంటే?" గ్రిడ్‌కు అది మేలే. కిందికెళ్లి మీటర్ బోర్డు చూశాం. కామన్ మీటర్ పాతదే. మోటారు పన్నెండింటికి తిరిగినా, ఏడింటికి తిరిగినా అది ఒకే అంకె చూపిస్తుంది. వాచ్‌మన్ మాత్రం సరే సార్ అన్నాడు. మర్నాటి నుంచి పన్నెండింటికే వేస్తున్నాడు.